వాకిలి లాంటి వీధి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"ముప్పై ఏళ్లుగా రోడ్లు వేస్తున్నావు కదా, నీ పని గురించే నాలుగు మాటలు చెప్పు" అని సంఘం కార్యదర్శి గారు అడిగారు. పండగలాంటి రోజున రోడ్ల గోల ఎవరు వింటారని మొదట అనుకున్నాను. కానీ పొద్దున ఈ సభకు వస్తూ మన బడి గేటుకు ఎదురుగా బస్సు దిగాను. ఇవతలికి దాటడానికి అయిదారు నిమిషాలు పట్టింది. రోడ్లు వేయడమే వృత్తిగా బతికినవాడిని, చదువుకున్న బడి ముందు రోడ్డు దాటలేక చెయ్యెత్తి నిలబడ్డాను. చివరికి ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి "రండి అంకుల్" అని నా చెయ్యి పట్టుకుని దాటించింది. ఇక ఈ రోజు ఏం మాట్లాడాలో వెతుక్కోవలసిన పని లేకపోయింది.

1980 ప్రాంతంలో ఈ వీధి ఎలా ఉండేదో నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. సాయంత్రం ఆఖరి గంట కొట్టగానే అయిదారు వందల మందిమి ఒక్కసారిగా రోడ్డు మీద పడేవాళ్లం. అదే సమయానికి మేతకు వెళ్లిన గేదెలు ఇంటిముఖం పట్టేవి. ఉప్పూకారం చల్లిన జామకాయల తట్టతో మామ్మ గేటుకు ఒక పక్క, పుల్ల ఐసు సైకిలు మరో పక్క. రిక్షాలు, ఎడ్లబండ్లు, పాలక్యాన్ల సైకిళ్లు. గంటకో బస్సు. ఆ బస్సు డ్రైవరు మా మధ్యనుంచి ఊరేగింపు రథాన్ని నడిపినట్టు నడిపేవాడు. ఆ వీధికి ఫుట్‌పాత్ లేదు, జీబ్రా గీతలు లేవు, స్పీడ్ బ్రేకరు లేదు. అయినా నేను చదివిన ఏళ్లలో మోకాళ్లు చెక్కుకుపోవడం తప్ప పెద్ద దెబ్బ ఎవరికైనా తగిలిన జ్ఞాపకం నాకు లేదు.

అప్పటి మనుషులు మంచివాళ్లు, ఇప్పటివాళ్లు చెడిపోయారు అని నేననను. అప్పటి రిక్షావాడూ తొందరపడేవాడే. తొందరపడినా అతని వేగం గంటకు 15 కిలోమీటర్లు దాటేది కాదు. ఎడ్లబండి మన నడకతో సమానం. వీధిలో అందరి వేగమూ దగ్గర దగ్గరగా ఉండేది కాబట్టే ఆ వీధి అందరిదీ అయింది. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ ఇక్కడికే వస్తాను.

ఇలాంటి వీధిని పనిగట్టుకుని, ప్లాను గీసి కట్టవచ్చని నేను ఉద్యోగంలో చేరాకే తెలుసుకున్నాను. నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్ అనే పట్టణం ఉంది. 1960ల చివర్లో అక్కడి ఇరుకు వీధుల్లోకి కార్లు వచ్చిపడి పిల్లలకు ఆడుకునే చోటు లేకుండా చేశాయి. అక్కడివాళ్లు కార్లను వెళ్లగొట్టలేదు. వీధిలో చెట్లు నాటారు, బల్లలు వేశారు, తిన్నగా ఉన్న దారిని వంకరలు తిప్పారు. కారు రావచ్చు, అయితే మనిషి నడకతో రావాలి. 1976లో ఆ దేశం ఇలాంటి వీధులకు చట్టంలోనే చోటిచ్చింది. వాటిని 'వూనెర్ఫ్' అంటారు. అందులో 'ఎర్ఫ్' అంటే ఇంటి ఆవరణ. ఆ మాట అర్థం తెలిసిన రోజున నాకు మా అమ్మ గుర్తొచ్చింది. కల్లాపి చల్లి ముగ్గు పెట్టేటప్పుడు ఆవిడ గుమ్మం దగ్గర ఆగేది కాదు. సంక్రాంతి నెలలో ముగ్గు రోడ్డు మధ్యదాకా వెళ్లేది. సైకిలు మీద వచ్చేవాడు దిగి, ముగ్గు తొక్కకుండా నడిపించుకుపోయేవాడు. మన భాషలో ఆ జాగాకు వాకిలి అని పేరు. అది ఇంటిదీ, వీధిదీ కూడా.

అదే నెదర్లాండ్స్‌లో హాన్స్ మోండర్మన్ అనే ట్రాఫిక్ ఇంజనీరు ఉండేవాడు. 2008లో పోయాడు. 2000ల మొదట్లో ఆయన డ్రాక్టెన్ పట్టణంలో, రోజుకు 20 వేలకు పైగా బండ్లు తిరిగే ఒక కూడలిలో సిగ్నళ్లు తీసేయించి దాన్ని కొత్తగా కట్టించాడు. ఆయన వాదన ఇది: బోర్డులు, గీతలు, దీపాలు ఎక్కువయ్యే కొద్దీ డ్రైవరు వాటినే చూస్తాడు, మనిషిని చూడడం మానేస్తాడు. అవి లేకపోతే ఎదుటివాడి కళ్లలోకి చూసి ముందు నువ్వా నేనా అని తేల్చుకోక తప్పదు. తన మాట మీద ఎంత నమ్మకమంటే, చూడవచ్చిన అతిథుల ఎదుట ఆయన వెనక్కి తిరిగి, వచ్చే బండ్లకు వీపు పెట్టి ఆ కూడలిలోకి నడిచేవాడు. బండ్లు ఆగేవి.

ఇది చదివి నేను మోజుపడ్డాను. పన్నెండేళ్ల కిందట మన రాష్ట్రంలోనే ఒక ఊరి బజారు వీధిని కొత్తగా తీర్చే పని నాకు వచ్చింది. ఊరి పేరు వద్దు, తప్పు నాది. ఫుట్‌పాత్ గట్లు తీసేయించాను. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకే మట్టంలో గ్రానైటు పరిపించాను. గీతలు లేవు, అడ్డుగోడలు లేవు. ప్రారంభం రోజున అందరూ మెచ్చుకున్నారు, పత్రికల్లో ఫోటోలు పడ్డాయి. ఆ ఫోటో నా ఆఫీసు గోడకు తగిలించుకున్నాను.

ఆరు నెలల తరువాత ఆ ఊరు వెళ్లాను. మన లెక్కల మాస్టారు రిటైరయ్యాక కూతురి దగ్గర ఆ ఊళ్లోనే ఉంటున్నారని తెలిసి చూడ్డానికి వెళ్లాను. మాస్టారు ఈ రోజు ఇక్కడే, ముందు వరసలో ఉన్నారు. ఆయన అనుమతి తీసుకునే ఈ సంగతి చెబుతున్నాను. అప్పటికే గ్లకోమాతో ఆయనకు చూపు పూర్తిగా పోయింది. అయినా చేతికర్రతో రోజూ ఆ బజారు వీధి చివర లైబ్రరీకి వెళ్లి, ఎవరిచేతనైనా పేపరు చదివించుకునేవారట. నా వీధి వచ్చాక ఆ అలవాటు మానేశారు.

నాకు అర్థం కాలేదు. "గోతులు లేవు, మెట్లు లేవు, నున్నగా ఉంది కదా మాస్టారూ?" అన్నాను. ఆయన కర్ర తీసుకుని, నా భుజం మీద చెయ్యి వేసి, "పద" అన్నారు. వీధిలోకి వెళ్లాక కర్రతో నేల మీద అటూ ఇటూ తడిమి చూపించారు. "ఒరేయ్, ఇదివరకు ఈ కర్రకు ఫుట్‌పాత్ గట్టు తగిలేది. దాని ఇవతల ఉన్నంతసేపు నేను క్షేమం. గట్టు దిగితే రోడ్డు. ఇప్పుడు నేను ఎక్కడున్నానో నాకు తెలియడం లేదు. గట్టు తీసేసి నాకేమిచ్చావురా?"

"డ్రైవర్లు మిమ్మల్ని చూసి ఆగుతారు మాస్టారూ" అన్నాను, మోండర్మన్ గారిని మనసులో తలుచుకుని.

"వాడు నన్ను చూశాడని నాకెలా తెలుస్తుందిరా?" అన్నారు.

జవాబు లేదు. తొమ్మిదో తరగతిలో బ్లాక్‌బోర్డు ముందు తప్పు లెక్క చేసి నిలబడినట్టు నిలబడ్డాను. అప్పుడు చుట్టూ చూశాను. నేను మనుషుల కోసం పరచిన గ్రానైటు మీద మోటారు సైకిళ్లు రెండు వరసలుగా నిలిపి ఉన్నాయి. కొట్ల గుమ్మాలను రాసుకుంటూ స్కూటర్లు పోతున్నాయి. గట్టు ఉన్నప్పుడు అక్కడికి ఎక్కలేని బండికి నేనే దారి ఇచ్చాను. చిన్నపిల్లల చెయ్యి వదలకుండా గోడవారగా నడుస్తున్న తల్లులు కనిపించారు. పంచుకోవడం అని నేను పేరు పెట్టిన పని, బలమున్నవాడికి మొత్తం రాసివ్వడంగా తేలింది.

నాలాగే పొరపడినవాళ్లు వేరే దేశాల్లోనూ ఉన్నారని తరువాత తెలుసుకున్నాను. ఇంగ్లండులో ఇలాంటి సమమట్టపు వీధులు చాలా చోట్ల కట్టారు. చూపులేనివాళ్ల సంఘాలు ఏళ్ల తరబడి పోరాడాయి. 2018లో అక్కడి ప్రభుత్వం, గట్టు లేని కొత్త వీధుల పనులు ఆపి ఉంచమని స్థానిక సంస్థలను కోరింది. కళ్లతో చేసుకునే ఒప్పందం కళ్లున్నవాళ్లకే చెల్లుతుంది. కారు బానెట్టు ఎత్తుకు కూడా రాని పిల్లవాడికీ అది చెల్లదు. పైగా డచ్చివాళ్ల దగ్గర మనకు లేని అండ ఒకటుంది. అక్కడ మోటారు బండి నడిచేవాడినో సైకిలువాడినో గుద్దితే నష్టపరిహారం బాధ్యత మామూలుగా బండివాడి మీదే పడుతుంది. నేను వాళ్ల రాళ్లు తెచ్చాను, ఆ రాళ్ల కింద ఉన్న చట్టాన్నీ అలవాటునూ తేలేకపోయాను.

అలాగని ఆ ఆలోచన మొత్తం తప్పని నేననుకోవడం లేదు. అందులో అసలు పని చేసిన భాగం ఏది? మాస్టారి ఎదుట మాట్లాడుతున్నాను కాబట్టి లెక్క వేసి చూపిస్తాను.

గంటకు 30 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 8 మీటర్లు. అపాయం కంటపడి బ్రేకు తొక్కడానికి మనిషికి ఒక సెకను పట్టిందనుకుందాం. ఆ సెకనులో బండి 8 మీటర్లు పోతుంది. పొడి రోడ్డు మీద మంచి బ్రేకులతో ఆగడానికి ఇంకో 5 మీటర్లు. మొత్తం 13. ఇప్పుడు 50 కిలోమీటర్లు తీసుకోండి. ఆ ఒక్క సెకనులోనే దాదాపు 14 మీటర్లు పోతుంది. ఆగడానికి మరో 14. మొత్తం 28. అంటే మొదటి బండి పూర్తిగా ఆగిపోయిన చోట, రెండో బండి డ్రైవరు కాలు ఇంకా బ్రేకు మీద పడనే లేదు. 15 మీటర్ల దూరంలో బంతి వెనక ఒక పిల్లవాడు రోడ్డు మీదికి వచ్చాడనుకోండి. మొదటి బండి వాడికి రెండు మీటర్ల ముందే ఆగుతుంది. రెండోది ఇంకా 48 కిలోమీటర్ల వేగంతో తగులుతుంది. ఇద్దరు డ్రైవర్లూ మంచివాళ్లే, ఇద్దరూ పిల్లవాడిని ఒకే క్షణంలో చూశారు. తేడా అంతా వేగానిదే.

కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 32,825 మంది నడిచి వెళుతున్నవాళ్లు. రోజుకు 90 మంది. మన బడిలో ఒక తరగతి గది నిండి, పక్క గది కూడా సగం నిండేటంత మంది, ప్రతిరోజూ.

వేగం తగ్గిస్తే పనులు ఆలస్యమవుతాయని అంటారు. మన బడి వీధి ఈ మూల నుంచి ఆ మూలకు 300 మీటర్లు. 40 కిలోమీటర్ల వేగంతో పోతే 27 సెకన్లు. 20తో పోతే 54 సెకన్లు. తేడా 27 సెకన్లు. జనగణమన పాడడానికి 52 సెకన్లు పడుతుందని మనకు ఈ బడిలోనే నేర్పారు. అందులో సగం. పిల్లల ప్రాణం కోసం ఊరు ఆ మాత్రం నిలబడలేదా?

కాబట్టి నా తప్పు నుంచి నేను నేర్చుకున్నది ఇది. వీధిని పంచుకోవాలంటే ముందు తీసేయవలసింది వేగం. గట్టు కాదు. రెండోది, అందరికంటే బలహీనుడికి ఒక హద్దు మిగలాలి. అది అతని కాలికీ కర్రకూ తెలియాలి.

ఆ హద్దు పెద్దది కానక్కర్లేదు. లండన్‌లో పరిశోధకులు చూపులేనివాళ్లను నడిపించి పరీక్షిస్తే, 60 మిల్లీమీటర్ల గట్టు చాలునని తేలింది. మన నాలుగు వేళ్ల వెడల్పు కంటే తక్కువ. దానికి తోడు మన రైల్వే ప్లాట్‌ఫారాల మీద కనిపించే పసుపు పలకలు ఉండనే ఉన్నాయి. వాటిని జపాన్‌లో సెయిచి మియాకె అనే ఆయన, చూపు కోల్పోతున్న తన స్నేహితుడి కోసం తయారుచేశాడు. 1967లో మొదటిసారి ఒకయామా నగరంలో, అంధుల పాఠశాల దగ్గరి రోడ్డు మీద వేశారు. పొడుగు చారలుంటే నడవమని, బొడిపెలుంటే ఆగమని అర్థం. మన ఊళ్లలో కూడా వేస్తున్నాం. కాకపోతే చాలా చోట్ల ఆ పసుపు వరస తిన్నగా వెళ్లి కరెంటు స్తంభానికి కొట్టుకుంటుంది. వేసినవాడు ఒక్కసారి కళ్లు మూసుకుని దాని మీద నడిస్తే ఆ పని జరగదు.

నేను పాడుచేసిన బజారు వీధి ఏమైందని మీరు అడగవచ్చు. రెండేళ్లు తిరిగి, బతిమాలి, ఒక పక్కన మాత్రం చిన్న గట్టూ పసుపు పలకలూ వేయించగలిగాను. రెండో పక్క ఇంకా అలాగే ఉంది. మాస్టారు మాత్రం లైబ్రరీకి మళ్లీ వెళ్లారు. నా ఆఫీసు గోడ మీద ఆ ఫోటో తీసేశాను.

ఇప్పుడు మన వీధి. దీన్ని వెడల్పు చేసే ప్రతిపాదన ఒకటి నడుస్తోందని మీ అందరికీ తెలుసు. బడి ప్రహరీ వెనక్కి జరపాలి, గేటు ముందున్న మూడు నిద్రగన్నేరు చెట్లు కొట్టేయాలి. ఇరుకు కాబట్టి ప్రమాదం, వెడల్పు చేస్తే ప్రమాదం పోతుంది అంటున్నారు. నా వృత్తి అనుభవంతో చెబుతున్నాను, వెడల్పయిన రోడ్డు మీద డ్రైవరు కాలు దానంతట అదే బరువెక్కుతుంది. చెట్లు పోయి, దారి సాఫయి, 50తో పోయే బండి 60తో పోతుంది. దాటవలసిన దూరం కూడా పెరుగుతుంది.

దాని బదులు ఏం చేయవచ్చు? వీధి రెండు చివర్లా, గేటు ముందూ రోడ్డునే ఫుట్‌పాత్ ఎత్తుకు లేపి, అటూ ఇటూ వాలుగా కట్టవచ్చు. అప్పుడు పిల్లలు రోడ్డులోకి దిగరు, బండే వాళ్ల మట్టానికి ఎక్కి రావాలి. ఎక్కేటప్పుడు వేగం చచ్చినట్టు తగ్గుతుంది. బండ్ల దారిని సన్నం చేసి, మిగిలిన జాగాలో 1.8 మీటర్ల ఫుట్‌పాత్ వేయవచ్చు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అడిగే కనీసపు వెడల్పు అదే. చెట్లు ఉన్నచోటే ఉంటాయి, దారే వాటిని తప్పించుకుని వంకర తిరుగుతుంది. జామకాయల బండికీ, ఐసు బండికీ పక్కన గుర్తు వేసిన చోటు ఇవ్వవచ్చు. వీధి వ్యాపారులకు 2014 నుంచి చట్టమే ఉంది. వాళ్లు ఉంటే నష్టం లేదు, నలుగురు నిలబడిన వీధిలో ఎవడూ బండి దూకించడు.

ఇక పొద్దున బడి మొదలయ్యే ముందు గంట, సాయంత్రం వదిలాక గంట మోటారు బండ్లను పూర్తిగా ఆపవచ్చు. ఢిల్లీ చాందినీ చౌక్‌లో ఎర్రకోట వైపు నుంచి ఫతేపురి మసీదు దాకా 1.3 కిలోమీటర్లు పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా మోటారు బండ్లు రాకూడదని నియమం పెట్టారు. నిఘా పెట్టిన రోజున బాగుంటుంది, వదిలేసిన రోజున బండ్లు దూరతాయి. మనం అడిగేది రెండు గంటలే. రథోత్సవం నాడు ఊరంతా బండ్లు ఆపుకుని వీధిని దేవుడికి ఇస్తాం. పిల్లల కోసం రోజుకు రెండు గంటలు ఇవ్వలేమా?

ఇక్కడ మన వంతు కూడా ఒప్పుకోవాలి. సభ అయ్యాక బయటికి వెళ్లినప్పుడు ఒకసారి గమనించండి. మనం వచ్చిన కార్లన్నీ ఎక్కడ నిలిపి ఉన్నాయి? పిల్లలు నడిచే జాగాలోనే. ఈ రోజు నన్ను దాటించిన పిల్ల రోడ్డు మధ్యలో నడవవలసి వచ్చింది మన కార్లవల్లే.

స్వర్ణోత్సవ గుర్తుగా గేటు దగ్గర స్వాగత తోరణం కట్టాలని సంఘం విరాళాలు సేకరించింది. నేనూ ఇచ్చాను. సభ ముందు నా మనవి ఒకటే. తోరణం ఒక ఏడాది ఆగవచ్చు. ఆ డబ్బులో కొంత ఈ వీధికి ఖర్చు పెడదాం. వెడల్పు చేసే పని మొదలయ్యేలోగా ఒక నెల ప్రయోగం చేసి చూపిద్దాం. రాళ్లూ సిమెంటూ అక్కర్లేదు. పోలీసువారి అనుమతి తీసుకుని, పూలకుండీలతో, ఇసుక బస్తాలతో దారి సన్నం చేసి, పైన చెప్పిన రెండు గంటలూ బండ్లు ఆపి చూద్దాం. బండ్ల వేగం ముందెంత, తరువాతెంత అన్నది మన పదో తరగతి పిల్లలే గడియారాలు పట్టుకుని లెక్క కడతారు. ఆ లెక్క తీసుకుని మునిసిపాలిటీకి వెళదాం. ప్లాను నేను ఉచితంగా గీసిస్తాను. కానీ ఈసారి నా ప్లాను ఖరారయ్యే ముందు మాస్టారు తన కర్రతో ఆ వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి. ఆయన తప్పు అన్నచోట చెరిపి మళ్లీ గీస్తాను. ఒప్పుకున్నారు కూడా. "మార్కులు మాత్రం ఉదారంగా వెయ్యను" అన్నారు.

ఇల్లు కట్టేటప్పుడయినా, రోడ్డు వేసేటప్పుడయినా ముందు నేల మీద గీత గీసేది ముగ్గుపిండితోనే. ముగ్గు పోయడం అనే అంటాం. వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దున ఆరు గంటలకు నేను ఒక బస్తా ముగ్గుపిండితో మన బడి గేటు ముందు ఉంటాను. వీలున్నవాళ్లు రండి. కార్లు మాత్రం ఇంటి దగ్గరే వదిలేసి, నడిచి రండి.

సెలవు.